కొండ మీద సున్నపు గుర్తులు

2024 ఫిబ్రవరి రెండో వారం. డుంబ్రిగుడ మండలంలో అడవిని ఆనుకున్న ఒక కొండ ఊరు. పని: డ్రోనుతో భూముల రీసర్వే. హాజరు: మండల సర్వేయరుగా నేను, గ్రామ సర్వేయరు సత్యవతి, విశాఖ నుంచి వచ్చిన డ్రోన్ పైలట్. ఊరివాళ్ల పేర్లు రాయాల్సిన చోట నా డైరీలో డ్రోను వచ్చిన మొదటి రోజుకు ఉన్నది ఒక్క మాటే: ఎవరూ లేరు.

డ్రోను ఫోటోలు మాత్రమే తీస్తుంది. ఆ ఫోటోను నేలతో సరిపోల్చడానికి ముందురోజే అక్కడక్కడా సున్నంతో పెద్ద కూడిక గుర్తులు వేసి, వాటి స్థానాలను పరికరంతో కొలిచిపెట్టుకుంటాం. డ్రోను ఎగిరేటప్పుడు రైతులు తమ హద్దుల దగ్గర నిలబడాలి. గుర్తులు ఫోటోలో పడకపోతే సర్వే చెల్లదు. హద్దు చూపేవారు లేకపోతే ఆ భూమి అడవి కింద నమోదు కావచ్చు. మాకు డ్రోను ఇచ్చింది రెండు రోజులకే. తర్వాత అది పాడేరు వైపు వెళ్లిపోతుంది.

ఊళ్లో అందరికన్నా ఎక్కువ ఆదుర్దా బుద్రమ్మది. భర్త పోయాక అడవి అంచు వాలులో ఒంటరిగా కాఫీ తోట పెంచింది. దానికి కాగితం లేదు. మేం సున్నం వేస్తున్నంతసేపూ వెంట తిరిగి, "బేగి కొలిసెయ్యి బాబూ, నాను బతికుండగానే," అంది. ఆమె ఇంట్లో ఉంటున్న లియాన్ మాత్రం దూరంగా నిలబడి చూశాడు. అతనిది బర్మాలోని చిన్ కొండలు. అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది, కొండజాతులు తిరగబడ్డాయి. ఆ పోరులో ఊరు పోగా మిజోరం చేరాడు. కాఫీ పని నేర్చుకోమని అక్కడి చర్చివాళ్లు ఇక్కడికి పంపారు. మా జిల్లాల్లో రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చిన తాతల కథలు వినని ఇల్లు ఉండదు. అందుకే బర్మా మనిషి నాకు వింతగా తోచలేదు.

మరునాడు పొద్దున్న మంచు విడుతుండగా కొండెక్కాం. ఏ ఇంటి మీదా పొగ లేదు. కోడి కూత లేదు. తీగల మీది బట్టలు తీసేశారు. ఆరబోసిన కాఫీ మీద ఎండుటాకులు కప్పారు. ఒక పొయ్యి బూడిదలో చెయ్యి పెడితే ఇంకా వేడిగానే ఉంది. ఒక అరుగు కింద కుక్క కనిపించింది. దాని మూతికి గుడ్డ కట్టి ఉంది. మమ్మల్ని చూసి లేచింది కాని మొరగలేకపోయింది.

సున్నపు గుర్తుల్లో ఒక్కటీ కనపడలేదు. వాటి మీద ఆకులు, మట్టి. పైలట్ బ్యాటరీ చూసుకోవడానికి డ్రోనును కాస్త పైకి లేపాడు. ఆ రొదకు ఎదుటి పొదల్లో ఎక్కడో పసిబిడ్డ ఏడుపు మొదలై, మధ్యలో ఆగిపోయింది. ఎవరిదో చెయ్యి ఆ నోటిని మూసిందని అర్థమైంది. డ్రోను దింపేయమన్నాను.

చాలాసేపటికి ఒక్కొక్కరే బయటికొచ్చారు. సత్యవతి మైదానపు పిల్ల, కోపం ఆపుకోలేదు. "ఏటమ్మా ఇది? ఊరు ఊరంతా దాగుడుమూతలాడతన్నారేటి?"

"నీకు నవ్వులాటగుంది గుంటా," అంది బుద్రమ్మ లియాన్‌ను చూపిస్తూ. "ఈడి ఊర్లో పైనుంచి బాంబులేసేరట, రేత్రి సెప్పేడు. ఆ మర్నాడు ఊరే నేదట. గుర్తులు నానే కప్పేను. దాక్కోడం మాకు ఒకలు నేర్పాలేటి? ఈ కొండల్లో తుపాకులు పేలినప్పుడు పిల్లల్నెత్తుకుని ఇలాగే పరుగెట్టేం."

లియాన్ ఆమె నేర్పిన తెలుగులోనే చెప్పాడు. వాళ్ల చర్చి కప్పు మీద తెల్ల సిలువ ఉండేదట. విమానం దాన్ని గురి చూసుకునే వచ్చిందని అతని నమ్మకం. మా కూడిక గుర్తులు అతనికి సిలువల్లా కనిపించాయి.

ఇవి కొలతకేనని చెప్పాను.

"పోటో ఎవులు సూత్తారు?" అన్నాడు.

జిల్లా ఆఫీసు వరకు నాకు తెలుసు. ఆపైన ఎక్కడికి వెళ్తుందో తెలియదు. అదే మాట చెప్పాను. చివరికి బుద్రమ్మే, "దాక్కుంటే బూమి పోద్ది. నిలబడితే ఏటవుద్దో తెల్దు. రేపు నిలబడతాను," అంది. లియాన్ తల అడ్డంగా ఊపి లోపలికెళ్లిపోయాడు. సాయంత్రంలోగా గుర్తులన్నీ మళ్లీ వేశాం.

నేలమీద గుర్తు పెట్టేముందు అది ఎందుకో, ఎవరికి కనపడుతుందో ఆ నేలవాళ్లకు చెప్పాలి. అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనాలి. ఈ రెండూ మా శిక్షణలో లేవు. రిటైరయ్యేదాకా పాటించాను.

మర్నాడు ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది. డ్రోను ఎగిరి దిగాక ఫోటోలు లాప్‌టాప్‌లో తెరిచాం. సున్నపు గుర్తులన్నీ స్పష్టంగా పడ్డాయి. ప్రతి హద్దు దగ్గరా ఒక్కో గోధుమరంగు గుండ్రటి ఆకారం ఉంది. వానాకాలంలో నాట్లప్పుడు కప్పుకునే ఆకుల గిడుగులవి. చినుకు లేని ఎండలో ఊరంతా వాటి కింద నిలబడింది. ఒక్క ముఖం కూడా లేదు. బుద్రమ్మ తోట హద్దు దగ్గర మాత్రం గిడుగులు రెండున్నాయి.