కరియడికి వేసిన ఎముక

నిన్న మనవరాలి కుక్క చొంగ కారుస్తూ ముందుకాలితో మూతి గీరుకుంటుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పళ్ల మధ్య ఇరుక్కున్న ఎముక ముక్కను ఆయన పట్టకారుతో లాగేశాడు. రెండు నిమిషాలు పట్టింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

స్వతంత్రం రాకముందు బేతంచెర్లలో పెరిగిన నా ఈడు వాళ్లెవరైనా ఉంటే గుర్తుండే ఉంటుంది. చర్చి అయ్యగారు ఇంటికి ప్రార్థనకు వస్తే కోడి కోసేవాళ్లు. ఆయన తినేదాకా పిల్లలు చట్టి ముట్టకూడదు. అలా ఆయన వచ్చిన ఒక రోజు గసాల మసాలా వాసనకు ఆగలేక కాలు ముక్క దొంగిలించాను. పెరట్లో నాపరాళ్ల చాటున తినేసి, దొరికిపోకూడదని ఎముకను మా నల్లకుక్క కరియడికి వేశాను.

మర్నాడు కరియడు నీళ్ల తొట్టి ముందు నిలబడి, తాగలేక మూతి గీరుకుంటున్నాడు. నోటినిండా నురగ.

"దీనికి పిచ్చి పట్టిండాది. పాపను లోపలికి తోలుమే," అని అమ్మకు చెప్పి నాయన రాళ్లు పెకలించడానికి గనికి తీసుకెళ్లే ఇనుప గడారి అందుకున్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "పాపా, నిన్న దీనికి ఏమన్నా ఏసినావా?"

"లేదుమా," అన్నాను.

పిచ్చికుక్క ఇంట్లోవాళ్లను గుర్తుపట్టదంటారు. నాయన గడారి ఎత్తినప్పుడు కరియడు పారిపోలేదు. అమ్మ వెనక నిలబడ్డ నన్ను చూసి తోక ఊపాడు.