కోస్గి బస్సులో గోలీల కాగితం

ఎనభైల చివర్లో, మహబూబ్‌నగర్ నుంచి కోస్గి వెళ్లే బస్సులో ఒక దర్జీ నా పక్కన కూర్చున్నాడు. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. నా చేతిలోని పేపరు చూసి, జేబులోంచి మడతలు నలిగిన కరపత్రం ఒకటి తీశాడు. క్షయ మందులతో పాటు దవాఖానలో ఇచ్చారట.

"జర సదువుండ్రి సార్."

"వ్యాధి లక్షణములు ఉపశమించినప్పటికీ ఔషధ సేవనమును విరమించరాదు" అని చదివాను. అలాంటి వాక్యాలు పత్రికలో నేనూ రాసేవాణ్ని కనుక ఎక్కడా తడబడలేదు.

అతను నవ్వాడు. "రేడియోల వార్తల లెక్క మంచిగ సదివిండ్రు. ఇది సదివినోళ్లు మీతోని నలుగురైండ్రు సార్. నాకు దగ్గు తగ్గి పదిరోజులాయె. రేపు గోలీ ఏసుకోవాల్నా వద్దా, గది మాత్రం ఒక్కలు జెప్పలే."

నేను మళ్లీ కాగితంలోకి చూశాను. "దగ్గు తగ్గినా ఆపొద్దు. డాక్టరు చాలు అనేదాకా రోజూ వేసుకోవాలి" అన్నాను.

"గట్లనా? రేపటి సంది బంద్ జేద్దామనుకున్న."

రుమాలు చివర కట్టుకున్న గోలీల ముడి విప్పి చూసుకుని, మళ్లీ గట్టిగా బిగించాడు.

కోస్గి ఇంకా రాకముందే ఒక ఊరి దగ్గర దిగిపోయాడు. నేను తిరిగిచ్చిన కాగితం సీటు మీదే ఉంది. కిటికీలోంచి పిలిచి చూపించాను.

"ఇగ అదెందుకు సార్, సమజైంది గద" అని నడిచిపోయాడు.

ఆ కాగితం చాలా ఏళ్లు ఆఫీసులో నా బల్ల అద్దం కింద ఉంది. ఆరోగ్యం వార్త ఏది చేతికొచ్చినా, రేపు పొద్దున ఏం చేయాలో అందులో ఉందా అని ముందు వెతికేవాణ్ని.