వదిన కనిపెట్టిన దొడ్డిదారి

ప్రసూతి ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో మా వదిన పద్నాలుగేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతోంది. మా అన్నయ్య భార్య కాబట్టి నాకు వదిన. డాక్టర్లకూ, నర్సులకూ, పురిటి నొప్పులతో వచ్చినవాళ్ళకూ ఆమె వదిన ఎలా అయిందో నాకు తెలియదు. ఆ గదిలో ఒక పెద్ద వాషింగ్ మెషీన్, దానికి ఎదురుగోడకు అద్దంలా మెరిసే స్టీలు తలుపున్న ఆరబెట్టే మెషీన్, మధ్యలో ఇస్త్రీ బల్ల ఉండేవి.

ఆ వాషింగ్ మెషీన్ కాళ్ళకు కుదురు లేదు. బట్టలు పిండేటప్పుడు ఊగి ఊగి నడిచేది. ఒకరోజు వదిన అన్నం తిని వచ్చేసరికి గది దాటి, వరండా దాటి, మేట్రన్ గారి గుమ్మం ముందు నిలబడి ఉంది. మేట్రన్ కాగితాల్లోంచి తలెత్తకుండా "కూర్చోండి, పిలుస్తాను" అందట. అంత పొడుగు వైరు ఎక్కడిదని నేను నిలదీశాను. "వైరెందుకయ్యా, ప్లగ్గు పీక్కుని ఆ ఊపు మీదే వెళ్ళింది" అంది వదిన. అంతకన్నా సాక్ష్యం నా దగ్గర కూడా లేదు.

అది మొరాయించినప్పుడల్లా కంపెనీ మెకానిక్ వచ్చేవాడు. మనిషి మంచివాడే గానీ విద్య దాచుకునే రకం. ఇలాంటి మెషీన్‌కు ఒక దొడ్డిదారి ఉంటుంది. ఏవో రెండు బటన్లు కలిపి నొక్కిపట్టి, పవర్ ఇచ్చి, గుండ్రటి మీట ఏదో లెక్క ప్రకారం తిప్పితే, అది ఉతకడం మానేసి తన అవయవాలు ఒక్కొక్కటీ ఆడించి చూపిస్తుంది. డాక్టరు ముందు రోగి నాలుక చాపినట్టు, దగ్గినట్టు అన్నమాట. మెకానిక్ దాన్ని టెస్ట్ మోడ్ అనేవాడు. ఆ ఘట్టం వచ్చేసరికి అతనికి సరిగ్గా దాహం వేసేది.

"వదినా, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడుదూ."

ఆమె నీళ్ళు తెచ్చేలోపు పని అయిపోయేది. నాలుగుసార్లు అలా జరిగాక వదిన ఇస్త్రీ బల్ల మీద నిండు జగ్గూ గ్లాసూ పెట్టి ఉంచింది. అతను గ్లాసుడు నీళ్ళు తాగి, ఇక చేసేది లేక, మెషీన్‌కూ వదినకూ మధ్య తన వీపు అడ్డం పెట్టి బటన్లు నొక్కాడు. వదిన కూడా అతనికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న స్టీలు తలుపులోకి చూస్తూ దిండు గలీబులు ఇస్త్రీ చేసుకుంది. అతని వీపు ఎంత వెడల్పయినా పక్క నుంచి చేతులు ఆ తలుపులో కనిపించాయి. ఎడమ చివరి రెండు బటన్లు, మీట ఎడమకు మూడు, కుడికి ఒకటి. అది ఆమె మనసులో పడిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక ఉదయం మెషీన్ నడిమధ్యలో ఆగి, దీపాలన్నీ టపటపలాడించింది. మెకానిక్ వచ్చి, కింది గొట్టంలోంచి నీళ్ళు వదిలేసి, ఈసారి మంచినీళ్ళు కూడా అడగకుండా "బోర్డు పోయింది. ఈ మోడల్‌కి ఇప్పుడు బోర్డులు రావు" అని తేల్చేశాడు. మేట్రన్ నిట్టూర్చి, నాలుగింటికి పాతసామాన్ల బండి రమ్మని కబురు పెట్టింది. రేపటి నుంచి ఉతుకు బయటివాళ్ళకి, వదినకు గేటు దగ్గర చెప్పులు కాసే పని.

నేను వెళ్ళింది ఆ రోజే, ఆమె ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి. వదిన మెషీన్ ముందు పీట వేసుకుని కూర్చుంది.

"పద్నాలుగేళ్ళు ఒక్క చెప్పుల జతను కూడా ఉతకలేదు నేను. ఇప్పుడు వాటిని కాయాలట" అంది.

"పోనీలే వదినా, కూర్చుని చేసే పని."

"కూర్చోబెట్టడానికి నేనేం బొమ్మనా? ఆ కళ్ళజోడు ఇటిచ్చి తలుపు వెయ్యి."

ఎడమ చివరి రెండు బటన్లు నొక్కిపట్టింది. పవర్ ఇచ్చింది. ఎడమకు మూడు, కుడికి ఒకటి. మెషీన్ ఉలకలేదు, పలకలేదు. వేగంగా తిప్పింది, నెమ్మదిగా తిప్పింది. పదకొండుసార్లు లెక్కపెట్టాను. పన్నెండోసారికి ఆమెకు విసుగొచ్చింది. మీట వదిలేసి, వెనక్కి తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుంటూ స్టీలు తలుపు వైపు చూసి అలాగే ఉండిపోయింది.

"మరిదీ, టైమెంత?"

"మూడున్నర."

"నాకు ఎనిమిదిన్నర కనిపిస్తోందే."

మెషీన్ పైన గోడకు అంకెలు లేని, గీతలు మాత్రమే ఉన్న గడియారం ఉంది. స్టీలు తలుపులో దాని చిన్న ముల్లు అవతలి పక్కకు వాలి, చక్కగా ఎనిమిదిన్నర చూపిస్తోంది. వదిన ఒకసారి గడియారాన్నీ, ఒకసారి తలుపునూ చూసి నెత్తి కొట్టుకుంది.

"తలుపులో చూసి నేర్చుకున్న విద్య కదయ్యా. కుడి ఎడమైంది."

ఈసారి కుడి చివరి రెండు బటన్లు. మీట కుడికి మూడు, ఎడమకు ఒకటి. మెషీన్ గొంతు సవరించుకున్నట్టు కుయ్‌మంది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరి, ఒకటే మిగిలింది. వదిన నా చేతిమీద ఒక్కటేసింది, ఇప్పటికీ చురుక్కుమంటుంది.

మీట ఒక మెట్టు జరిపితే తలుపు గడియ టక్కుమంది. ఇంకో మెట్టుకు నీళ్ళు వచ్చాయి. ఇంకో మెట్టుకు డ్రమ్ము అటూ ఇటూ తిరిగింది. చివరి మెట్టు నీళ్ళు బయటికి తోడే పంపుది. అక్కడ మాత్రం గొంతులో ముద్ద అడ్డం పడ్డ మనిషిలా గుర్రుమని ఆగిపోయింది.

ప్లగ్గు తీసి, నీళ్ళు వదిలి, అడుగున జల్లెడ మూత విప్పింది. జల్లెడ శుభ్రంగానే ఉంది, వారం వారం ఆమే కడుగుతుంది. దాని వెనకాల, పంపు రెక్కల్లోకి వేలు పెట్టి ఏదో లాగింది. బొటనవేలంత మేజోడు, ఎవరో పసిగుడ్డుది.

నాలుగింటికి మేట్రన్, మెకానిక్, బండివాళ్ళు ఇద్దరూ తాళ్ళతో వచ్చేసరికి మెషీన్ నిండా దుప్పట్లు తిరుగుతున్నాయి.

"ఇదేంటి వదినా?" అన్నాడు మెకానిక్.

"బోర్డు పోయిందన్నావుగా తమ్ముడూ. పోయినవాళ్ళు ఇంత పని చేస్తారని నాకూ తెలీదు." తడి మేజోడు అతని అరచేతిలో పెట్టింది. "ఇదిగో నీ జబ్బు."

మేట్రన్ ఆ మేజోడును, అతన్ని మార్చి మార్చి చూసి, చేతిలో ఉన్న, మెషీన్‌ను పాతసామాన్లకి ఇచ్చే కాగితం నాలుగు ముక్కలు చేసింది. "చెప్పుల దగ్గర ఇంకెవరినైనా చూస్తాను" అని మాత్రం అంది. ఉత్త చేతులతో వెళ్ళడం ఇష్టం లేక బండివాళ్ళలో పెద్దాయన తన తలగుడ్డ విప్పి ఉతకమని ఇచ్చాడు. వదిన దాన్ని తర్వాతి వాయిలో వేసింది.

ఆరు నెలలకు మెషీన్ మళ్ళీ మొండికేసింది. మెకానిక్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రా తమ్ముడూ. జగ్గు నిండా నీళ్ళున్నాయి, తాగి కూర్చో. నేను చూస్తాను" అంది వదిన. ముందుగా ఒక దుప్పటి తీసి స్టీలు తలుపు మీద కప్పింది. ఆ తర్వాత అతనికి వీపు పెట్టి, బటన్ల మీద చేతులు వేసింది.