ఓడమ్మ వాలు

లోహానికి చలనమిచ్చే విద్యను మానవహస్తానికి అప్పగించిన విశ్వకర్మకు మ్రొక్కి, నా హస్తం చేసిన ఒక పొరపాటును గురించి వ్రాస్తున్నాను.

ప్లవనామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి; ఇంగ్లీషు లెక్కన 1961 మార్చి నెల. ఆనాడు నన్ను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుండి కాసాయి నది ఒడ్డునున్న పంపుహౌసుకు ఛార్జిమన్‌గా మార్చారు. ఛార్జిమన్ అంటే మిస్త్రీకి పైవాడు, ఫోర్‌మన్‌కు క్రిందివాడు. పని చేయించేవాడూ అతడే, పని చెడితే సంజాయిషీ వ్రాసేవాడూ అతడే.

ఆ పంపుహౌసును మా తెలుగు కార్మికులు "ఏటి పంపు" అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన ఆ కుటుంబాలవారి నోట "ఏటి" అంటే "ఏమిటి" అని కూడా అర్థం. "డ్యూటీ ఎక్కడ?" అని ఒకడంటే "ఏటి పంపు" అని మరొకడు, "ఏటి పంపు?" అని మొదటివాడు, "ఏటి పంపే" అని రెండవవాడు. మా నాన్నగారి వద్ద ప్రబంధాలు చదువుకొని, శ్లేష పండితుల సొత్తని నమ్మిన నాకు ఆ భ్రమ అక్కడ మొదటివారంలోనే తొలగిపోయింది.

నాకు అప్పగించిన పని ఒక డీజిల్ జనరేటరును నిలబెట్టడం. వైశాఖంలో సాయంకాలాలు గాలివానలు వచ్చి కరెంటు తీగలు తెగితే పంపులు ఆగేవి, రైల్వే కాలనీలో కుళాయిలు ఎండేవి. అందుకని విప్పేసిన ఒక నదీ లాంచీ నుండి ఈ యంత్రాన్ని కొని తెచ్చారు. కాగితాలేవీ దానితో రాలేదు; ప్రక్కన ఒక ఇత్తడి పలక మాత్రం ఉంది. మావాళ్లు దానికి ఓడమ్మ అని పేరుపెట్టారు.

కాంక్రీటు దిమ్మ కట్టించి, ఓడమ్మను దానిమీదికి దింపించి, అడుగున పలుచని రేకులు పెట్టి, రసమట్టం నలుదిక్కులా వేసి చూశాను. బుడగ నట్టనడుమ నిలిచేవరకు మూడు రోజులు పట్టింది. ఫోర్‌మన్ సేన్ బాబు వచ్చి, తన రసమట్టం కూడా వేసి చూసి, తల పంకించి వెళ్లాడు. నేను కొంత గర్వపడిన మాట నిజం.

నూకయ్య మాత్రం మెచ్చుకోలేదు. అతడు ఆయిల్‌మన్, యంత్రాలకు నూనె పోసి, తుడిచి, ప్రతి ఉదయం గీత పెట్టిన కొలకడ్డీ ముంచి నూనె మట్టం చూసి పుస్తకంలో గుర్తు పెట్టే ఉద్యోగి. భీమునిపట్నం పడవలవారి బిడ్డ. చదువు రాదు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "మరీ ఇంత సదునుగా కూకోబెట్టేసినారేటి బాబూ? పాపం, దీనికి నిద్దరట్టదు" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

తొలి గాలివాననాడు ఓడమ్మ నలభై నిమిషాలు చక్కగా నడిచి, హఠాత్తుగా ఆగింది. అరగంట విశ్రాంతినిస్తే బుద్ధిగా మళ్లీ బయలుదేరి, మళ్లీ అంతసేపటికే ఆగింది. ఆ వారంలో మూడు గాలివానలు. మూడుసార్లూ ఇదే వరుస. కుళాయి దగ్గర బిందెలు బారులు తీరాయి. "మీ ఆయన ఓడ మునిగిపోనాదేటమ్మా?" అని అక్కడ తనను అడుగుతున్నారని నా భార్య కబురు తెచ్చింది.

డీజిల్ యంత్రం నడిచి నడిచి ఆగితే మొదట అనుమానించవలసింది ఇంధనాన్ని. టాంకీ మూతలోని గాలిరంధ్రం చూశాను, శుభ్రంగా ఉంది. వడపోత మార్చాను. గొట్టాలలో చిక్కిన గాలిని తీయించాను. నాలుగవసారి యంత్రాన్ని నడిపించి, నూనె ఒత్తిడి చూపే గడియారం ముందు పీట వేసుకొని కూర్చున్నాను. ముప్పై అయిదవ నిమిషాన ముల్లు వణికింది, నలభైయవ నిమిషాన పడిపోయింది, యంత్రం ఆగింది. ఒత్తిడి తగ్గితే ఇంధనాన్ని తనంతట తానే మూసివేసే కట్టడి ఒకటి అందులో ఉంది. యంత్రం చెడలేదు, ప్రాణరక్షణ చేసుకుంటున్నదన్నమాట. ఆ కట్టడిని తీగతో బిగించి నడిపిద్దామని ఒక ఫిట్టరు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు.

సేన్ బాబు ఎదుట నూనె మొత్తం దింపించి కొలిపించాను. ఇత్తడి పలకమీద పన్నెండు గ్యాలన్లని ఉంది. వచ్చినది ఎనిమిది. పుస్తకంలో మాత్రం ప్రతిరోజూ నిండుగా ఉన్నదని నూకయ్య గుర్తు.

సేన్ బాబుకు కోపం వస్తే హిందీ, వేళాకోళం వస్తే తెలుగు వచ్చేవి. ఆనాడు రెండూ వచ్చాయి. "తేల్ కహా గయా, నూకయ్యా? చేపలు వేయించినావా?"

"ఈ నూన్లో ఏపితే సచ్చిన సేప కూడా నెగిసి పారిపోద్ది సాబ్" అన్నాడు నూకయ్య. ఎవరూ నవ్వకపోవడం చూసి అతని గొంతు మారింది. "కడ్డీ ముంచి సూసినాను. గీత దాకా ఉంటేనే పుస్తకంలో గీతెట్టినాను. నాకు రాయడం రాదు సాబ్, అబద్దం ఎలా రాస్తాను?"

మొదట నూనె నింపిననాడు ఎన్ని గ్యాలన్లు పట్టిందో లెక్కచూసినవారు లేరు. కడ్డీమీది గీతవరకు పోయడమే ఆనవాయితీ. కనుక అతనికి సాక్షి లేడు. నూనె బజారుకు తరలిందనీ, ఛార్జిషీటు ఇవ్వాలనీ సేన్ బాబు తీర్మానించాడు. నూకయ్యకు సర్వీసు ఇంకా పధ్నాలుగు నెలలుంది. దొంగతనం రుజువైతే ఉద్యోగం, క్వార్టరు, గ్రాట్యుటీ, మూడూ పోతాయి. మరునాడు మధ్యాహ్నంలోగా నా నివేదిక కావాలన్నాడు. నేను వ్రాశాను. సంతకం మాత్రం పెట్టలేదు.

ఉదయాన పంపుహౌసుకు వెళ్లేసరికి నూకయ్య తాళాలు అప్పగించడానికి వచ్చి, ఊరకుండలేక ఓడమ్మను తుడుస్తున్నాడు. ఆనాడు దానికి నిద్రపట్టదని ఎందుకన్నావని అడిగాను.

"పడవెప్పుడూ ఎనక్కే కూకుంటాది బాబూ. బరువంతా అక్కడే కదా. లోనకి నీల్లొస్తే ఎనకాల సేరతాయి. ముందర సూసి, సెంబుడే ఉన్నాయనుకున్నోడు మునిగిపోతాడు."

నేను కడ్డీవైపు చూశాను. అది యంత్రం ముందుభాగాన ఉంది. నూనెను పైకి పీల్చే గొట్టం వెనుక కొసన ఉంది.

ప్రక్కనున్న తనిఖీ తలుపు విప్పించి, నూకయ్యను చేతిదీపం పట్టమన్నాను. నూనె నిలిచే తొట్టి లోపలి గోడమీద, ఏళ్ల తరబడి నూనె నిలిచినంత మేర నల్లని మరక కట్టి ఉంది. దాని పైఅంచు ముందువైపు కడ్డీ గీతకు సరిగ్గా సమానం. అక్కడినుండి వెనుకకు పోయేకొద్దీ ఏటవాలుగా పైకి లేచి, చివరకు నాలుగువ్రేళ్లు ఎక్కువగా ఉంది. లాంచీలో ఆ యంత్రం వెనుకకు వాలి కూర్చునేది. ముందు గీతవరకు ఉంటే వెనుక లోతు చాలినంత ఉండేది. మొత్తం పన్నెండు గ్యాలన్లు. నేను దానిని చదునుగా కూర్చోబెట్టాను. అదే గీతకు ఇప్పుడు ఎనిమిదే పట్టాయి. యంత్రం వేడెక్కి, నూనె పలుచబడి, కొంత పైభాగాలలో తిరుగుతుండగా పీల్చే గొట్టానికి గాలి తగిలేది. ఆగి చల్లారితే నూనె క్రిందికి దిగి, మళ్లీ నడిచేది. నాలుగు గ్యాలన్లను ఎవరూ తీసుకుపోలేదు. నేను పోయనివ్వలేదు.

"ఏటి బాబూ, ఏటి కనపడతంది?" అన్నాడు నూకయ్య, దీపం కదలకుండా పట్టుకొని.

"నా తప్పు" అన్నాను. అతడు వంగి ఆ మరకను చూసి, "సెప్పినాను కాదా" అని మాత్రం అన్నాడు.

పన్నెండు గ్యాలన్లూ కొలిచి పోయించి, పదకొండు గంటలకు ఓడమ్మను నడిపించాను. ముల్లు కదలలేదు. మొదటి నివేదిక చించి రెండవది వ్రాశాను: నూనె లోటుకు కారణం యంత్రాన్ని నిలబెట్టిన ఛార్జిమన్ అనాలోచితంగా చేసిన చదును, ఆయిల్‌మన్ గుర్తులు సత్యమైనవి. సేన్ బాబు స్వయంగా వచ్చి, మరకను చూసి, గడియారం ముందు నా పీటమీదే రెండు గంటలు కూర్చున్నాడు. లేచేటప్పుడు నూకయ్య భుజంమీద చేయివేసి, "ఠీక్ హై దాదా. చేప తెస్తే నేనూ తింటాను" అన్నాడు. నాకు వ్రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చింది, అది న్యాయమే.

కడ్డీమీద క్రొత్త గీత పెట్టవలసి ఉంది. ఆకురాయి నూకయ్య చేతికిచ్చాను. అతడు నెమ్మదిగా రాచి, గోటితో తడిమి చూసుకొని, "పాతది సెరిపేయీకండి బాబూ. మల్లీ నీల్లమీదకెళ్తే దానికి కావాల" అన్నాడు. ఉంచాము.

పరికరం తాను కొలిచినదాన్నిగురించే నిజం చెబుతుంది. రసమట్టం దిమ్మ చదునని చెప్పింది. యంత్రానికి ఆ చదును తగునా అని దానిని ఎవరూ అడగలేదు. అటుపిమ్మట, ఒక చోటినుండి తెచ్చిన యంత్రాన్ని నిలబెట్టేముందు అది అక్కడ ఎలా కూర్చున్నదో విచారించడం, మొదటి నూనెను గ్యాలన్లలో కొలిచి వ్రాయడం నా క్రింద పనిచేసినవారందరికీ నియమం చేశాను.

1962 జూన్ 30న నూకయ్య పూర్తి గ్రాట్యుటీతో పదవీవిరమణ చేశాడు. ఓడమ్మ 1970 వరకు ఆ దిమ్మమీదనే, చదునుగా, పనిచేసింది.