అమ్మ కొరకని జామకాయ

గాంధీపురం బస్టాండులో పళని జామకాయల వాసన తగిలితే నాకు ఆ పాత కోపం ఇప్పటికీ గుర్తొస్తుంది.

మిల్లులో షిఫ్టు దిగి, జుట్టునిండా దూదితో వచ్చే అమ్మ, జామకాయకు కొంగు చుట్టి కాకిఎంగిలి చేసి నాకు సగం పెట్టేది. ఒకరోజు కొరకబోయి ఆగి, ఆ కాయను పక్కింటి రాజక్క చేత కొరికించింది. అమ్మ కొంగు మీద ఎర్రటి మరక చూసి, నాకు పెట్టకుండా వక్కాకు నమిలిందనుకున్నాను. కాయ ముట్టలేదు. వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు.

ఆ వారం చివర అమ్మ నన్ను వెంటబెట్టుకుని మిల్లు డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"చిగుళ్లు చీము పట్టాయమ్మా. నీకు చక్కెర జబ్బు కూడా ఉంది. ఒకటి ముదిరితే రెండోదీ ముదురుతుంది. రెండిటికీ మందు వాడాలి," అన్నాడాయన.

బయటికొచ్చాక అమ్మ నా గడ్డం పట్టుకుంది. "నా నెత్తురు నీ నోట్లోకి పోగూడదనే రాజక్కని కొరకమన్నా కణ్ణూ. దానికా ఇంత కోపం?"

"ముందే చెప్పుంటే ఏంమా?" అన్నాను.

చిగుళ్లు మానాయి, చక్కెర అదుపులోకి వచ్చింది. చెప్పకుండా దాచినందుకు మాత్రం నేనింకా క్షమించలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా అమ్మ, ముసలితనంలో కూడా, పళ్లన్నీ కనిపించేలా నవ్వేది.