గేటు దాటకముందే తీర్చిన మొక్కు

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళను మీరు చాలామందినే చూసి ఉంటారు. నేను బోడిగుండుకీ దేశ సరిహద్దుకీ ముడిపెట్టినవాణ్ణి. ఆ ముడి విప్పడానికి ఒక ఎమిరాతీ ఆఫీసరు, ఒక గోదావరి ఆవిడ, మనిషి కళ్ళను చదివే ఒక యంత్రం కలిసి పనిచేయాల్సి వచ్చింది. ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ, ఆ సాయంత్రం ఆ గాజు కిటికీ ముందు నా బతుకు తెల్లారిపోయిందనే అనుకున్నాను. అందుకని మీరు కూడా కాస్త గంభీరంగానే చదవండి.

అప్పటికి నేను దుబాయ్ వచ్చి మూడు నెలలు కావస్తోంది. వచ్చింది విజిట్ వీసా మీద. సత్వాలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. పొద్దున్నే లేచి బయోడేటా పట్టుకుని తిరగడం, సాయంత్రం తిరిగొచ్చి ఎవరైనా అడిగేలోపే ముసుగు తన్ని పడుకోవడం, ఇదీ నా దినచర్య. చివరికి వీసా గడువు ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, అబుదాబిలో ముసఫ్ఫా దగ్గర ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ ఉద్యోగం ఖాయమైంది. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నువ్వు ఒకసారి దేశం దాటి బయటికి వెళ్ళాలి, మేము పంపే కొత్త వీసా మీద మళ్ళీ లోపలికి రావాలి, సోమవారం పొద్దున మెడికల్ పరీక్షకు నా ముందు నిలబడాలి అన్నాడు. నిలబడకపోతే లిస్టులో నీ కింద ఉన్నవాడు నిలబడతాడు, ఖలాస్ అని కూడా అన్నాడు.

ఆ ఉద్యోగం నాకు ఎందుకు కావాలో చెప్పాలి. మెట్‌పల్లి అవతల మా ఊళ్ళో నా భార్య లావణ్య బీడీలు చుడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ చుడుతూనే ఉంది. పొద్దంతా ఒళ్ళో చాట పెట్టుకుని వంగి కూర్చుంటుంది, రాత్రంతా దగ్గుతుంది. దుబాయ్‌లో పని దొరికితే ఆ చాట ఇక ముట్టొద్దని చెప్పి విమానం ఎక్కాను. మూడు నెలలుగా ఫోన్లో ఆ దగ్గు వింటూ ఉన్నాను. అది వినడం కన్నా నాలుగు తిట్లు వినడమే నయమనిపించేది.

బయల్దేరే ముందు ఆమెకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఎప్పటిలాగే దగ్గి, గొంతు సవరించుకుని, "రాజన్నకు మొక్కిన. నీ పని కాంగనే మొక్కు తీర్చుకోవాలె" అంది.

నేను "సరే" అన్నాను.

చదివేవారు ఈ 'సరే' దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఏం మొక్కావని నేను అడగలేదు. మా వైపు వేములవాడ రాజన్నకు మొక్కడమంటే అత్తగారికి ఫోన్ చేసినంత మామూలు సంగతి. మగవాడి పని కోసం మొక్కితే ఇంకేం మొక్కుతారు, తలనీలాలే కదా అని నా అంతట నేనే తీర్మానించుకున్నాను. చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి పోయింది. ఆ రోజుల్లో నాకు దువ్వెన విరిగేంత జుట్టు ఉండేది. కింద గడ్డం, మధ్యలో ఊరి సర్పంచుకు కూడా లేనంత మీసం. నా పాస్‌పోర్టు ఫొటో నిండా ఇవే ఉన్నాయి, మొహం కొంచెమే ఉంది.

శుక్రవారం దుబాయ్‌లోనే డేరా అనే పేటలో బస్సెక్కాను. ఇలా వీసా మార్చుకునేవాళ్ళను ఒమాన్‌లోకి తీసుకెళ్ళి, అక్కడ ఒక హోటల్లో దించి, వీసా ఫోన్లోకి వచ్చాక మళ్ళీ తీసుకొచ్చే బస్సు అది. నా పక్క సీట్లో మేరీ అక్క కూర్చుంది. గోదావరి జిల్లా మనిషి, పన్నెండేళ్ళుగా ఇక్కడి ఇళ్ళల్లో వంట పని చేస్తోంది, ఇప్పుడు కొత్త ఇంటికి మారుతోంది. ఇలా బోర్డర్ దాటి రావడం ఆవిడకు మూడోసారి. నాకు మొదటిసారని తెలిశాక తన టిఫిన్ డబ్బాలోని పులిహోర సగం నాకు పెట్టి, ఎక్కడ దిగాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో నేర్పింది.

హోటల్లో మా అందరి పనీ ఒకటే, ఫోన్ చూసుకోవడం. శనివారం మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. తెరిచి చూస్తే కొత్త వీసా, దాని మీద నా పేరు, నా ఫొటో. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. మూడు నెలలుగా ఎవరి ముందూ ఏడవలేదు, అదంతా ఒక్కసారే వచ్చింది. మేరీ అక్క వీసా కూడా అప్పుడే వచ్చింది. ఆవిడ మాత్రం ఒకసారి పైకి చూసి, ఫోన్ సంచిలో వేసుకుని, పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది.

బస్సు బయల్దేరడానికి ఇంకా రెండు గంటలుంది. హోటల్ ఎదురుగా ఒక సెలూన్ ఉంది. దాన్ని చూడగానే నాకు భక్తి పుట్టింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు కదా. పని అయ్యాక దేవుణ్ణి మరిచిపోయే కృతఘ్నుల గురించిన సామెత అది. నేనలాంటివాణ్ణి కాదని రాజన్నకు రుజువు చేయాలనిపించింది. అందుకని ఏరు దాటకముందే నేనే బోడి మల్లన్ననైపోదామని నిశ్చయించుకున్నాను.

మేరీ అక్క అడ్డుపడింది. "గుండు బోర్డర్ దాటాక చేయించుకో తమ్ముడూ. దేవుడికి లేని తొందర నీకెందుకు?" అంది.

మొక్కు వాయిదా వేయకూడదని నేను ఆవిడకు బోధ చేశాను. బైబిల్లో కూడా అలాగే ఉందని ఆవిడ ఒప్పుకుంది గానీ, ఇమిగ్రేషన్ వాళ్ళు బైబిలు చూడరు, పాస్‌పోర్టు చూస్తారని గుర్తుచేసింది. ఇంత మంచి మాట విని కూడా రోడ్డు దాటి వెళ్ళినవాణ్ణి ఏమనాలో మీరే నిర్ణయించండి.

సెలూన్లో కత్తెర పట్టినతను బంగ్లాదేశ్ మనిషి. మొత్తం తీసేయమంటే మూడుసార్లు హిందీలో అడిగి ఖాయం చేసుకున్నాడు. గడ్డం వైపు చూపించాడు, తీసేయమన్నాను. మీసం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపి, అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. దేవుడి దగ్గర బేరాలేమిటని అది కూడా ఇచ్చేశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. తలనీలాలు రాజన్న సొత్తు, ఒమాన్‌లో చీపురు పాలు కాకూడదని, రాలిన జుట్టంతా ఏరి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాను. లీవులో ఇంటికి వెళ్ళినప్పుడు వేములవాడలో సమర్పించాలని నా ఆలోచన.

బస్సెక్కగానే మర్యాదలు మొదలయ్యాయి. ముందు సీట్లోని ఉత్తరప్రదేశ్ ఆయన లేచి తన చోటు నాకిచ్చి చేతులు జోడించాడు. ఆ వెనకాయన నీళ్ళ సీసా ఇచ్చి భుజం తట్టాడు. దేవుడికి తల ఇచ్చినవాడికి లోకం ఇంత గౌరవం ఇస్తుందా అని నేనూ వినయంగా నమస్కారాలు పెడుతూ పోయాను. మేరీ అక్క వంగి, మీసం కూడా తీయించావు కదా, మీ నాన్నగారు పోయారనుకుంటున్నారు అని చెవిలో చెప్పింది. అప్పటికే సంతాపం అంతా స్వీకరించేశాను, తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు.

ఒమాన్ వైపు ముద్ర తొందరగానే పడింది. ఇంకొంచెం దూరం పోతే ఎమిరేట్స్ వైపు గేటు. అంటే అక్కడ నేను ఒక దేశం నుంచి వెళ్ళిపోయిన మనిషిని, ఇంకో దేశంలోకి ఇంకా రాని మనిషిని. త్రిశంకుడికి కనీసం తనదంటూ ఒక స్వర్గం ఉంది. నాకు ఒక ప్లాస్టిక్ కవరు ఉంది.

కిటికీలోని ఆఫీసరు నా వయసువాడే. పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. తర్వాత చక్కని హిందీలో, "యే కౌన్ హై?" అని, ఫొటోలో ఉన్నదెవరని అడిగాడు.

"మై హూఁ, సాబ్."

ఆయన నమ్మలేదు. యంత్రంలోకి చూడమన్నాడు. నేను మొదటిసారి దుబాయ్‌లో దిగినప్పుడు తీసుకున్న కళ్ళను గుర్తుపట్టే యంత్రం అది. దాని ముందు జుట్టుతో పనిలేదు, కళ్ళు తెరిస్తే చాలు. కానీ మధ్యాహ్నం ఏడ్చిన కళ్ళు, పైగా సెలూన్లో చల్లిన పౌడరు, దానికి తోడు భయం. కళ్ళు నీళ్ళు కారిపోతూ రెప్పలు నిలవడం లేదు. యంత్రం ఒకసారి చూసి కాదంది, రెండోసారి చూసి కాదంది. ఆఫీసరు పాస్‌పోర్టు మూసి పక్కన పెట్టాడు. అలా పక్కన పెట్టిన పాస్‌పోర్టు మీద నాకు లావణ్య కనిపించింది, చాట కనిపించింది, సోమవారం నా స్థానంలో నిలబడబోయే ఆ కిందివాడు కూడా కనిపించాడు.

భయంలో మనిషికి తెలివి పెరుగుతుందని ఎవరన్నారో తెలియదు, వాళ్ళు నన్ను చూసి ఉండరు. సాక్ష్యం నా సంచిలోనే ఉంది కదా అని కవరు తీసి ముడి విప్పాను. పిడికెడు జుట్టు తీసి నెత్తి మీద పెట్టుకున్నాను. ఇంకొంచెం తీసి మూతి మీద అదిమి పట్టుకున్నాను. అలా రెండు చేతులతో నన్ను నేను పట్టుకుని, ఫొటోలోలాగే తిన్నగా చూస్తూ నిలబడ్డాను. నా వెనక క్యూ అంతా మెడలు చాచి చూసింది.

ఆఫీసరు నవ్వలేదు. కుర్చీలోంచి లేచి, కిటికీ మీదికి వంగి, ఆ కవర్లోకి చాలాసేపు చూశాడు. ఇదేమిటన్నాడు. భగవాన్‌కి ఇచ్చినదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఎంతో గౌరవంగా, "మూంఛ్ భీ?" అన్నాడు, మీసం కూడానా అని.

"మూంఛ్ భీ, సాబ్" అన్నాను.

అప్పుడు మేరీ అక్క క్యూ దాటి ముందుకొచ్చింది. పన్నెండేళ్ళ వంటింటి అరబ్బీలో ఆయనతో గడగడా మాట్లాడింది. చెయ్యి నా తల వైపు, హోటల్ ఉన్న దిక్కు వైపు, చివరికి ఆకాశం వైపు తిప్పింది. నాకు అర్థమైంది ఒక్క మాట, మజ్నూన్. ఇక్కడి లేబర్ క్యాంపుల్లో పిచ్చివాణ్ణి అలాగే పిలుస్తారు. ఆఫీసరుకు ఆ ఒక్క మాటతో అనుమానాలన్నీ తీరిపోయినట్టున్నాయి. ఒక టిష్యూ ఇచ్చి, కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూడమన్నాడు. మేరీ అక్క వెనక నుంచి నా గుండును రెండు చేతులతో పట్టుకుని యంత్రం వైపు తిప్పింది. "ఊపిరి తీసుకో. మీ ఆవిణ్ణి తలుచుకుని కళ్ళు తెరువు" అంది. తెరిచాను. యంత్రం ఔనంది.

ముద్ర వేసి, కవరు మాత్రం లోపలికి రాదన్నాడు. అది దేవుడి సొత్తని నేను నసిగాను. నువ్వు వస్తావా, అది వస్తుందా అని అడిగాడు. జుట్టును అక్కడి చెత్తబుట్టలో పెట్టి, వేములవాడ ఏ దిక్కున ఉందో తెలియక బస్సు వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. బస్సు డ్రైవరు అది తనకే అనుకుని తిరిగి చెయ్యెత్తాడు.

సోమవారం మెడికల్‌కి నిలబడ్డాను. గుర్తింపు కార్డుకి ఫొటో కూడా ఆ రోజే తీశారు. రెండేళ్ళపాటు, జుట్టూ మీసమూ మళ్ళీ పెరిగాక కూడా, ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆ కార్డు చూసి ఈ గుండాయన ఎవరని అడుగుతూనే ఉన్నాడు. అది వేరే కర్మ.

ఆ సోమవారం సాయంత్రం లావణ్యకు వీడియో కాల్ చేశాను. ఉద్యోగం సంగతి, మొక్కు సంగతి రెండూ ఒకేసారి చూపించి మెప్పు పొందాలని కెమెరా నెత్తి మీదికి తిప్పాను. ఆమె చేతిలోని బీడీ ఆకు జారిపోయింది.

"ఎవరు పోయిండ్రయ్య?" అంది. వెనక నుంచి మా అమ్మ పరుగున వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసి, "నేనీడనే ఉన్న గదరా. మీ నాయిన గూడ ఇప్పుడే ఛాయ తాగిండు" అంది.

ఎవరూ పోలేదని, పని అయిందని, నువ్వు చెప్పినట్టే రాజన్న మొక్కు తీర్చేశానని చెప్పాను.

"నేను మొక్కింది కోడెనయ్య" అంది లావణ్య. "నువ్వొచ్చినంక ఇద్దరం పోయి రాజన్నకు కోడెను కడుదామని మొక్కిన. నీ నెత్తి నేనెందుకు మొక్కుత?"

గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేయడం వేములవాడ మొక్కుల్లో అన్నిటికన్నా పెద్దది. మా ఇంట్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. నాకు మాత్రం ఆ రోజు నా జుట్టు తప్ప దేవుడికి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అప్పుడు ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, దగ్గుతూ కూడా నవ్వింది. ఒళ్ళోని చాట ఒరిగిపోతుంటే తీసి పక్కన పెట్టింది. "ఇగ దాన్ని మళ్ల ముట్టకు. ఉద్యోగమొచ్చింది" అన్నాను. నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను కాదు, ఆ చాటను కాసేపు చూసింది. తర్వాత మా అమ్మ చేతికిచ్చి లోపల పెట్టమంది.

ఇక నా ప్రతిజ్ఞ. రాజన్న సాక్షిగా, నా నెత్తి మీద మళ్ళీ మొలిచిన ప్రతి వెంట్రుక సాక్షిగా చెబుతున్నాను: నా భార్య మొక్కానంటే ఏం మొక్కిందో మొత్తం అడిగి తెలుసుకున్నాకే 'సరే' అంటాను. ఆమె నిజంగానే నా గుండు మొక్కినా సరే, రెండు దేశాల ముద్రలూ పడేదాకా ఏ సెలూన్ వైపూ కన్నెత్తి చూడను.