పసుపు పూసిన స్ప్రింగులు

మా ఆవిడ పోయాక ఆమె కారును నేను ఇంటి ముందు నుంచి కదిలించలేదు. బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడూ స్టార్టు చేసి, కాసేపు ఆ చప్పుడు విని ఆపేసేవాణ్ని. స్టీరింగు పక్కనే గేరు కడ్డీ ఉండే పాతకాలపు బండి అది. నడపడం నాకూ వచ్చు, ఆమే నేర్పింది. కానీ ఎడమ సీట్లో కూర్చుని పుస్తకం చదువుకోవడం నాకు ఇష్టం, స్టీరింగు ఆమెకు ఇష్టం. అందుకని మా మధ్య ఆ విషయంలో ఎప్పుడూ పేచీ రాలేదు.

దాన్ని మళ్లీ రోడ్డెక్కించింది మా అత్తగారి కన్ను. ఆమె కుప్పంలో ఉంటుంది. ఎడమకన్ను ముందునుంచే మసక, కుడికంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది. మదనపల్లెలో శనివారం ఆపరేషనుకు రమ్మన్నారు, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని కూడా చెప్పారు. చిక్కేమిటంటే, ఆమెకు అద్దాలు మూసిన కారెక్కితే కడుపులో తిప్పుతుంది. బస్సయినా అంతే. మా పాత బండి ముందు కిటికీకి చిన్న మూడుమూలల అద్దం ఉంది. దాన్ని తిప్పితే గాలి నేరుగా ముఖానికి తగులుతుంది. ఆ గాలి ఉంటే ఆమెకు ఏమీ కాదు.

"ఆ బండి తెస్తే వస్తా. లేకుంటే ఈ కన్ను ఇట్లే ఉండనీప్పా. సూడాల్సిందంతా సూసేసినా," అంది ఫోన్లో.

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. బండి తెస్తానని చెప్పేశాను.

చెప్పాక వీధిలో నడిపి చూస్తే బండి ముందు భాగం బాగా కుంగి ఉంది. గుంతలో పడితే టైరు పైరేకుకు రాసుకుంటోంది. స్ప్రింగులు అణిగిపోయాయి. బెంగళూరు నుంచి కొత్త జత తెప్పించాను. అమ్మినాయన ఫోన్లో ఒక్క మాట చెప్పాడు: పసుపు రంగు గీత ఉన్నది డ్రైవరు వైపుకు, గీత లేనిది రెండోవైపుకు. డ్రైవరు వైపుది కొంచెం గట్టిదట.

గురువారం పొద్దున నెమ్మదిగా నడుపుకుంటూ పుంగనూరు వెళ్లాను. ఈ రకం బండ్లు విప్పడం తెలిసిన మెకానిక్కు అక్కడ ఉన్నాడు. మా ఆవిడ అతని దగ్గరికే వెళ్లేది. షెడ్డూ ఇల్లూ ఒకటే. ముందు బండ్లు, వెనక వంట. పసుపు గీత సంగతి చెబితే, "పసుపుండేది కుడిపక్క. అంతే గదా సార్," అన్నాడు. నా చేతిలోని రిపేరు పుస్తకం వైపు చూశాడు.

"ఏముండాది సార్ దాంట్లో?"

"అణిగి ఉన్న స్ప్రింగు జారి ఎగిరితే మనిషి ప్రాణం పోతుందని ఉంది."

"అంత లావు పుస్తకంలో అదొగటేనా? సరిగ్గానే రాసినాడు లే."

పని మాత్రం పద్ధతిగా చేశాడు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. జాకీతో ముందు భాగం లేపి, ఛాసీ కింద రెండు ఇనుప స్టాండ్లు నిలబెట్టాడు. జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్మి కింద దూరకూడదని అతనూ అన్నాడు, పుస్తకమూ అంది. చక్రం విప్పి, స్ప్రింగు చుట్ల గుండా చైను దూర్చి ఛాసీకి కట్టాడు. స్ప్రింగు ఆనుకునే కింది ఇనుప చేతికి మళ్లీ జాకీ ఆనించి, జాయింటు విడదీసి, జాకీని కొంచెం కొంచెంగా దించాడు. స్ప్రింగు సాగుతూ, మూలుగుతూ వచ్చింది. దానికి ఎదురుగా ఎవరూ నిలబడలేదు. బలం పూర్తిగా పోయి వదులుగా కదిలినప్పుడు, పెరట్లో సొరకాయ కోసినట్టు చేత్తో తీసి పక్కన పెట్టాడు. రెండో వైపూ అంతే. ఒక్కటే కుంగినా రెండూ మార్చాల్సిందే. నేను టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి కొత్తవి బిగించేసి ఉన్నాయి. చక్రాలు వేసి బండిని నేలకు దించాం. అలవాటుకొద్దీ నేను ఎడమ తలుపు తీశాను.

"ఆడ గాదు సార్. ఈడ కూసోండి," అని స్టీరింగు వైపు చూపించాడు.

కూర్చున్నాను. అతను దూరం జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. బండి కుడివైపుకు వాలి ఉంది.

"నేల వాలుగా ఉండాది," అన్నాడు.

బండిని వీధిలోకి తీశాం. అక్కడా వాలింది. "ఈ వీధి గూడా అంతే సార్. కాలవ కోసం వాలుగా ఏసినారు." బండిని అటుది ఇటు తిప్పి నిలబెట్టాం. నేల వాలైతే ఈసారి ఎడమవైపుకు వాలాలి. మళ్లీ కుడివైపుకే వాలింది.

అతని భార్య గిన్నెలు కడిగిన చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "సారు లావైనాడేమో," అంది.

"నువ్వు కూసుంటే తెలుస్తాది లావంటే ఏందో," అన్నాడు అతను.

"పసుపు గీత ఉన్నదే కుడివైపు వేశావా?" అని అడిగాను.

"ఏసినా సార్. నిండా పసుపు. ఇద్దో సూడండి," అని వంగి టార్చి వేశాడు. కుడి స్ప్రింగు మీద పసుపు ఉంది. ఎడమ దాని మీదా ఉంది.

"పసుపు నేను పూసింటినే," అంది ఆమె. "కొత్త సామాను గదా, ఊరికే యాల బిగిస్తారని రెండిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టినా. మీ ఇంట్లో అమ్మ బండి అని ఇంకొంచెం ఎక్కువే రాసినా."

మా దగ్గర కొత్త బోరు మోటారుకైనా, కొత్త మిక్సీకైనా పసుపు పూయకుండా స్విచ్చి వేయరు. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. తడిగుడ్డతో తుడిస్తే కుడివైపుది ఉత్త నలుపుగా తేలింది. ఎడమవైపు దాని మీద గీత చెక్కుచెదరలేదు. మెకానిక్కు నేల మీద చతికిలబడి నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. అంతగా నవ్వి చాలా రోజులైంది.

కానీ అప్పటికే ఎండ వాలిపోయింది. మర్నాడు తెల్లవారకముందే వాళ్లు పెళ్లికి ప్రయాణం. శుక్రవారం నేను కుప్పం చేరకపోతే శనివారం ఆపరేషను లేనట్టే. "దావ తెలిసిన పనే సార్, ఈ తూరి చైను లేకుండా బిరీన లాగేస్తా," అన్నాడు అతను.

అత్తగారి కన్ను ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా వద్దన్నాను. నేను ఇంకా నచ్చజెబుతుండగానే అతని భార్య చైను తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"కట్టు. పెండ్లికి నేనొక్కదాన్నే పోవాల్నా?"

కట్టాడు. మళ్లీ స్టాండ్లు, మళ్లీ అంత నెమ్మదిగా దించడం. నేను టార్చి పట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళకు బండి నేల మీద సమంగా నిలబడింది. నేను కుడి సీట్లోనే కూర్చున్నాను, ఈసారి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు కుప్పం వెళ్లాను. అత్త చేతిలో ఓ నిమ్మకాయ, ఓ ఖాళీ కవరు పట్టుకుని సిద్ధంగా ఉంది. మూడుమూలల అద్దం తానే తిప్పుకుంది. పలమనేరు దాటేదాకా నోరు తెరవలేదు. భయపడి రెండుసార్లు ఆమె వైపు చూశాను.

"ముందర సూసి తోలప్పా," అంది. "నాకేం గాలేదు. పుంగనూర్లో బజ్జీలు దొరుకుతాయా?"

ప్రయాణంలో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. పుంగనూర్లో ఆపి మిరపకాయ బజ్జీలు కొన్నాను.

శనివారం ఆపరేషను అయింది. కట్టు విప్పాక నల్లద్దాలు పెట్టి బయటికి తీసుకొచ్చాను. ఆమె కారు దగ్గర ఆగి, అద్దాలు కాస్త పైకెత్తి, బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇది నీలమా?"

"నీలమే అత్తా."

"నల్లదనుకుంటి ఇన్నాళ్లూ. నా బిడ్డ నీలమని చెప్తే, ఎగతాళికి అంటాందని దాన్ని తిడితి."

మళ్లీ అద్దాలు సర్దుకుని, తలుపు తానే తీసుకుని ఎక్కింది.